గంటలోపు చూడాల్సిన స్లైడు

పదీ పది అని జల్లెడక్క స్లైడు మూలన పెన్సిలుతో రాసింది, దాని పక్కనే నలభై ఏడు అని రాసింది, ట్రేలో మిగతా పదకొండింటి పక్కన పెట్టి నా బల్ల మీదికి జరిపింది, ఇక గంట మొదలైనట్టే. పదకొండూ పదిలోపు చూసెయ్యాలి. స్లైడు మీద వేసే గ్లిజరిన్ మలాన్ని పల్చబరిచి వెలుతురు అవతలికి వచ్చేలా చేస్తుంది, అందుకే వేస్తాం, కానీ అది అక్కడితో ఆగదు. పిల్లల పేగుల్లో ఉండే కొంకిపురుగు గుడ్డుకి పెంకు మరీ పల్చన, గంట దాటితే ఆ గుడ్డు కూడా కంటికి ఆనకుండా పోతుంది. పెద్దపురుగుల గుడ్లు మొండివి, సాయంత్రందాకా కూర్చుని ఉంటాయి. కొంకిపురుగువే, ఉండి కూడా లేనట్టు అయిపోతాయి. ఎనిమిదేళ్ళుగా ఈ గంటని నేనెప్పుడూ దాటనివ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళకి మా పెద్దసారు నన్ను చూపించి, గడియారం మింగిన మనిషి అంటాడు. ఆ మనిషే ఇప్పుడు నలభై ఏడుని చూపుడువేలితో మెల్లగా ట్రే చివరికి నెట్టి, ఏమీ ఎరగనట్టు నలభై ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

బడివాళ్ళు మాకిచ్చింది ఆటసామాన్ల గది. గాలిపోయిన బంతులు, తెగిన తాళ్ళు, కాలు విరిగిన బెంచీ, ఒక్క కిటికీ. వెలుతురు కోసమని బల్ల కిటికీ పక్కనే వేయించుకున్నాను, జల్లెడక్కకి అలాగే చెప్పాను, ఆమె నమ్మింది. పాపం ఆమెకి నా మాట నమ్మడం అలవాటు. ఆమె అసలు పేరు మా ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు, పొద్దున్నించీ సాయంత్రందాకా పిల్లలు తెచ్చిన డబ్బాల్లోది చిన్న జల్లెడలోంచి నొక్కి స్లైడు మీదికి తీస్తుంది కాబట్టి జల్లెడక్క. ఎక్కడైనా పెళ్ళిలో ఏం చేస్తుంటారండీ అని అడిగితే మేమిద్దరం ల్యాబులో అని ఊరుకుంటాం, భోజనాలవేళ ఇంకేం చెబుతాం. ఈ పనిలో నవ్వులకి లోటు లేదు. పోయినసారి ఒక మహానుభావుడు సిగ్గుపడి తనది కాక మేకది తెచ్చాడు. ఇంకో తల్లి అగ్గిపెట్టెలో పెట్టి, రంగుకాగితం చుట్టి, పంతులమ్మగారికి నమస్కారాలని పైన రాసి మరీ పంపింది. నలభై రెండు. పెద్దపురుగు గుడ్లు పదమూడు, కొంకిపురుగు లేదు. ఈ పొద్దున జల్లెడక్క డబ్బాలన్నీ కింద పరిచి నంబర్లు అంటిస్తుంటే, నలభై ఏడో నంబరు సంచి మూతికి కట్టిన దారం చూశాను. రెండు ముళ్ళు, పైన ఒక ఉచ్చు, ఉచ్చు కొస లాగితే చాలు మొత్తం ఊడి వస్తుంది. ప్రపంచంలో అలా ముడివేసే మనిషి ఒక్కతే, మా అక్క. చిన్నప్పుడు నా జడలకి రిబ్బను కూడా అలాగే కట్టేది.

తెలిసే వచ్చాను, ఇందులో దొంగతనమేమీ లేదని నాకు నేను ఎంత సర్దిచెప్పుకున్నా ఉందనే తెలుసు. నెల కిందట బడుల జాబితా వచ్చినప్పుడు ఈ ఊరిపేరు చూసి చెయ్యెత్తి, సార్ నన్ను ఇంకో వైపు వెయ్యండి అనాల్సింది. అనలేదు. గదిలోనే కూర్చుంటాను, మాస్కు ఉంటుంది, టోపీ చెవుల కిందికి లాక్కుంటాను, స్లైడులు చూసుకుంటాను, వచ్చేస్తాను, అని అనుకున్నాను. అక్కకి మాటిచ్చి నాలుగేళ్ళయింది. మాటిచ్చినప్పుడు ఎదురుపడనన్నాను, కిటికీ సంగతి ఎవరూ ఎత్తలేదు కదా అని ఇప్పుడు వకీలులా వాదించుకుంటున్నాను. నలభై మూడు, ఏమీ లేదు. దాన్ని పొద్దున ప్రార్థన వరసలో చూశాను. ఐదో తరగతి. రెండు జడలు, ఒకటి పైకి ఒకటి కిందికి. చెవులు మాత్రం నావే, తలకి అంటుకోకుండా పక్కలకి నిలబడి, ఎవరూ కావాలని కోరుకోని చెవులు. ముందున్న పిల్ల వీపు మీద వేలితో ఏదో రాస్తోంది, ఆ పిల్ల ఏం రాసిందో చెప్పలేక తిడుతోంది, ఇది నవ్వుతోంది. కొత్త పన్నొకటి వంకరగా వచ్చింది. ఆ పాలపన్ను ఊడినప్పుడు నేను లేను. ఊడిన పన్ను ఎక్కడ పారేశారో, ఏడ్చిందో లేదో, నాకు తెలియదు.

నలభై నాలుగు. ఇదుగో, కొంకిపురుగు. సన్నటి గీతలా పెంకు, లోపల నాలుగు మబ్బుతునకలు, ఎంత అందంగా ఉంటుందో పాడుది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నా కడుపులోనూ ఇవే ఉండేవి, వందలకొద్దీ, కాని అప్పుడు నాకు వీటిపేరు సోమరితనం. నిద్రమొహం అన్నారు, పనిదొంగ అన్నారు, ప్రార్థనలో నిలబడి నిలబడి నేను పడిపోతే నాటకాలన్నారు. చెప్పులుండేవి కావు, తడినేల మీద తిరిగేవాళ్ళం, కాలివేళ్ళ సందుల్లో దురద పుడితే గోక్కునేవాళ్ళం, పురుగు పిల్ల అక్కణ్ణించే ఒంట్లోకి దూరుతుందని ఎవరికి తెలుసు. నా పలక మీద బలపం రెండురోజులు ఉండేది కాదు. రాయడానికి కాదు, తినడానికి. తడిగోడ వాసనకి నోట్లో నీళ్ళూరేవి. అన్నం మాత్రం వద్దు. అక్క నాకన్నా ఏడేళ్ళు పెద్ద, నా గుప్పిట్లో బలపాలు లాక్కుని గుడ్డు వొలిచి నోట్లో కుక్కేది, మింగేదాకా గడ్డం పట్టుకుని వదిలేది కాదు. ఆ గుడ్డులో సారమంతా లోపల పేగుకి కరుచుకున్నవాళ్ళు తాగేస్తున్నారని ఆమెకేం తెలుసు, నాకేం తెలుసు. అలాగే పెరిగాను. తెల్లగా ఉంది, చక్కటి పిల్ల అని పెళ్ళి కూడా చేసుకున్నారు. ఆ తెలుపు నెత్తురు లేని తెలుపు అని పురిటిగదిలో తెలిసింది.

నాలుగు గ్రాములు, అంది నర్సు, ఈ అమ్మాయి ఒంట్లో నెత్తురు నాలుగు గ్రాములుంది, ఇంకెవరైనా అయితే ఈపాటికి పోయుండేవాళ్ళు. నేను పోలేదు. పిల్ల కూడా పోలేదు, రెండు కేజీలు కూడా లేదు, అరచేతిలో పట్టేంత. నాకు పాలు పడలేదు. సరిగ్గా మూడు వారాల ముందు అక్క బిడ్డ పుట్టి గంటలోనే పోయాడు, అక్కకి పాలు ఆగలేదు, జాకెట్టు తడుస్తూనే ఉండేది, ఆ తడి దాచుకోవడానికి ఆమె ఎప్పుడూ చేతులు కట్టుకుని తిరిగేది. ఆమె వచ్చింది, నా మంచం పక్కన నిలబడింది, నన్నేమీ అడగలేదు, పిల్లని ఎత్తుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. పిల్ల ఏడుపు ఆగిపోయింది. నాకు ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో, ఎంత కుళ్ళుగా అనిపించిందో, రెండూ నిజమే, ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను. ఎనిమిది నెలలు మంచం మీదున్నాను. లేచి చేతులు చాపేనాటికి అది నన్ను చూసి బేరుమంది, అక్క భుజంలో మొహం దాచుకుంది. పాలు మానేదాకా ఉండనీ అన్నారు. తర్వాత మాటలు వచ్చేదాకా. మాటలు వచ్చాయి, అక్కని అమ్మ అంది, నన్ను చూపించి పిన్ని అని చెప్పారు, పిన్ని అంది. మా ఆయన అన్నాడు, ఎక్కడుంటే ఏముందిలే, అది బతికుంది, నువ్వూ బతికున్నావు. ఇక మళ్ళీ కనకూడదని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఆ డాక్టరమ్మే ఒకరోజు నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి, నీ నెత్తురు తాగినవాళ్ళని చూడు అని చూపించింది. చూశాను. ఆ తర్వాత ఈ పని తప్ప ఇంకే పనీ చెయ్యాలనిపించలేదు.

నలభై ఐదు, నలభై ఆరు, తర్వాత వేలు తనంతట తనే నలభై ఏడుని దాటుకుని నలభై ఎనిమిది మీదికి వెళ్ళింది. పదీ నలభై. దానికి ఆరేళ్ళప్పుడు అనుకుంటా, అక్కావాళ్ళింట్లో దానికి జడ వేస్తున్నాను, ముందున్న అద్దంలో మా ఇద్దరి మొహాలూ పడ్డాయి, పిన్నీ నీ చెవులు నా చెవుల్లాగే ఉన్నాయేం అంది. అక్క చేతిలో గరిటె ఆగింది. మర్నాడు బస్సు దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, మొహం మాత్రం బస్సువైపు తిప్పుకుని, "కొన్నాళ్ళు రాకే. దానికి అన్నీ తెలిసిపోతున్నాయి. నాకు భయంగా ఉందే" అంది. ఎన్నాళ్ళక్కా అంటే, చదువయ్యేదాకా అంది, పెద్దదయ్యాక నేనే చెబుతాను అంది. సరే, దానికి ఎదురుపడను అన్నాను. నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ సరే, దాన్ని ఇప్పటికీ వెనక్కి మింగాలనిపిస్తుంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. రాత్రంతా పిల్లకి పాలిచ్చి, పగలు నా మంచం దగ్గర కూర్చుని నాకు స్పూనుతో గంజి పోసిన మనిషి మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది. నిలవకపోవడమే నా దరిద్రం. కోపమే ఉంటే కాస్త ఊపిరాడేది, ఇప్పుడు ఉన్నదంతా దాన్ని చూడాలనే బెంగ, దానికి మందూ లేదు, స్లైడూ లేదు.

నలభై తొమ్మిది చూస్తుండగా ఆ ఆలోచన వచ్చింది, వచ్చిందంటే అబద్ధం, పొద్దున్నించీ గుమ్మంలో నిలబడే ఉంది, ఇప్పుడు లోపలికి వచ్చింది. మందు బిళ్ళ ఎల్లుండి బడిలో అందరికీ ఇస్తారు, పురుగులున్నా లేకపోయినా. కాని ఎవరి స్లైడులో కొంకిపురుగు కనిపిస్తే వాళ్ళకే రక్తపరీక్ష, రక్తం తక్కువుంటే ఐరన్ బిళ్ళలు, మూడు నెలలు రోజూ ఒక గుడ్డూ గ్లాసుడు పాలూ. వాళ్ళని మాత్రమే మూడు వారాల తర్వాత మళ్ళీ పిలుస్తాం, ఒక్కొక్కళ్ళని నా ఎదుట కూర్చోబెట్టుకుని, నాలుక చూసి, గోళ్ళు చూసి, కళ్ళు కిందికి లాగి చూసి, ఏం తింటున్నావమ్మా అని అడగాల్సింది నేనే. అంటే నలభై ఏడులో గుడ్లుంటే, మూడు వారాలకి ఆ చెయ్యి నా చేతిలో ఉంటుంది. ఉండాలని కోరుకున్నాను. ఒక్క క్షణమే, కాని గట్టిగా, పళ్ళు బిగించి కోరుకున్నాను. నా కడుపులో ఉండి నన్ను తినేసినవి, నా బిడ్డ కడుపులో ఉండాలని. ఛీ, ఇదేనా కన్నతల్లి కోరాల్సిన కోరిక. అందుకే ఆ స్లైడు జోలికి పోలేకపోతున్నాను, ఉంటే సంతోషిస్తానేమో అని భయం, లేకపోతే ఏడుస్తానేమో అని ఇంకా భయం. యాభై. యాభై ఒకటి. యాభై రెండు. ట్రేలో ఒక్కటే మిగిలింది. పదకొండు కొట్టడానికి రెండు నిమిషాలు. ఇంకా వ్యవధి ఉంది, నాలుగైదు నిమిషాల పని, చేసెయ్యవచ్చు, అనుకుంటూ స్లైడు అందుకున్నాను, అప్పుడే ఇంటర్వెల్ గంట కొట్టారు.

బడి మొత్తం మైదానంలోకి ఒలికింది. అంతమందిలో నా కళ్ళు దాన్ని ఎలా పట్టుకున్నాయో, వెతకనే లేదు. పరిగెత్తే ఆటలో ఉంది. ముందు బాగానే పరిగెత్తింది, మోకాళ్ళు పైకెత్తి, జడలు ఎగురుతూ, నాకు నవ్వొచ్చింది, చిన్నప్పుడు కొత్తగా నడక వచ్చినప్పుడూ అంతే, నడవడం తెలియకుండానే పరిగెత్తబోయి నేల మీద పడేదని అక్క ఉత్తరం రాసింది. ఒక చుట్టు, రెండో చుట్టు సగంలో ఆగింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆటలో మిగతావాళ్ళు పిలిచారు, చెయ్యి ఊపి రానంది, వచ్చి సరిగ్గా నా కిటికీకి పదడుగుల అవతల అరుగు మీద కూర్చుంది. చెప్పులు తీసి పక్కన పెట్టుకుంది, మంచి చెప్పులు, అక్క కొన్నవి. ఊపిరి ఎగపోస్తోంది. ఆ మెడ దగ్గర నరం కొట్టుకోవడం ఇక్కడికి కనిపిస్తోంది. పిలవచ్చు. ఏమ్మా మంచినీళ్ళు కావాలా అంటే చాలు, ఎవరైనా అంటారు, ఇందులో మాట తప్పడమేముంది. నోరు తెరిచాను కూడా. అప్పుడు అది అటూ ఇటూ చూసి గౌను జేబులోంచి సుద్దముక్క తీసింది. కొస కొరికింది. చప్పరించింది. కళ్ళు మూసుకుని, మెల్లగా, ఎంతో ఇష్టంగా నమిలింది.

ఆ రుచి నా నాలుక మీదికి వచ్చింది. ఇరవయ్యేళ్ళ కిందటి చల్లటి పొడిరుచి. ఆ తర్వాత ఏమైందో, ఎంతసేపైందో నాకు నిజంగా తెలియదు. దాని పెదవుల చివర తెల్లపొడి చూస్తున్నాను, కింది రెప్ప తెలుపు ఇక్కణ్ణించి కనిపించదు కదా అని చూస్తున్నాను, ఇరవయ్యేళ్ళకి దానికి పురుడొస్తుంది, నర్సు వచ్చి నాలుగు గ్రాములంటుంది, దాని పక్కన గోడవైపు తిరిగి కూర్చోవడానికి దానికి అక్క కూడా లేదు, అని చూస్తున్నాను. మళ్ళీ గంట కొట్టారు, అది ముక్క జేబులో వేసుకుని, పెదాలు తుడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి పోయింది. మైదానం ఖాళీ అయింది. "అయ్యాయా?" అని జల్లెడక్క రెండో ట్రే పట్టుకొచ్చింది. గడియారం చూశాను. పదకొండూ ఇరవై రెండు. నా చేతిలో నలభై ఏడు ఉంది.

పెట్టి చూశాను. మొదటి గీత నించి చివరి గీతదాకా, ఒక్క మూల వదలకుండా, రెండుసార్లు. శుభ్రంగా ఉంది. అద్దంలా ఉంది. ఈ శుభ్రం ఎంత అబద్ధమో నాకు తెలిసినట్టు ఈ బడిలో ఎవరికీ తెలియదు. సున్నా అని రాసెయ్యవచ్చు, ఎవరు అడుగుతారు, గడియారం మింగిన మనిషి రాసిన సున్నా. రక్తపరీక్ష ఉండదు, అది సుద్దముక్కలు తింటూ పెరుగుతుంది. లేదా గుడ్లు ఇరవై నాలుగు అని రాయవచ్చు, రక్తపరీక్షా ఉంటుంది, మూడు వారాలకి నా ముందూ కూర్చుంటుంది, పాపమేముంది, ఉన్నాయని నాకు తెలుసు కదా. చెయ్యి రెండు అంకె దాకా వెళ్ళింది. కాని తెలుసనుకోవడానికీ చూడ్డానికీ తేడా ఉంది. నా చిన్నప్పుడు నా గురించి అందరికీ అన్నీ తెలుసు, చూసినవాళ్ళే లేరు. దానికీ నేను అదే చెయ్యనా? పెన్ను పెట్టి, నలభై ఏడు, సమయం దాటింది, చదివినవారి తప్పు, మళ్ళీ నమూనా కావాలి, అని రాశాను. జల్లెడక్క వంగి చూసి, "నీదా తప్పు?" అని నోరెళ్ళబెట్టింది. నాదే అన్నాను. ఇంకో కాగితం తీసుకుని ఇంటికి చీటీ రాశాను. మీ అమ్మాయి సుద్దముక్కలు తింటోంది. రేపు పొద్దున కొత్త డబ్బాతో మీరే స్వయంగా తీసుకురండి. పురుగులున్నా లేకున్నా రక్తపరీక్ష చేయించాలి. అంతే రాశాను. మీ అమ్మాయి అన్న మాట దగ్గర పెన్ను ఆగింది, పదేళ్ళలో ఆ మాట నా చేత్తో రాయడం అదే మొదలు. అక్షరాలు చూడగానే అక్కకి తెలిసిపోతుంది. రేపు వచ్చి ఎన్ని తిట్లు తిడుతుందో, తిట్టి పిల్లని తీసుకుని ఇంకో ఊరికి పోతుందో, పోనీ, బిళ్ళలు మాత్రం తీసుకుని పోవాలి.

జల్లెడక్క పిల్లని పిలుచుకొచ్చింది. అది గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు, వాసనకి ముక్కు మూసుకోవాలో మర్యాదగా ఉండాలో తేలక రెండింటికీ మధ్యలో నిలబడింది. నేను టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

"నలభై ఏడు నేనేనండి."

గొంతు మారింది. కాస్త బొంగురు.

"రేపు ఇంకోసారి తేవాలమ్మా. ఇదుగో డబ్బా. ఈ చీటీ మీ అమ్మకివ్వు."

"మళ్ళీనా? ఇది తేవడానికే మా అమ్మ రెండు రోజులు బతిమాలింది." డబ్బాని కొసవేళ్ళతో పట్టుకుంది. "నాకు పురుగులున్నాయాండి?"

"తెలీదమ్మా. చూడాల్సిన టైములో చూడలేదు. తప్పు నాదే, నీది కాదు."

పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం ఎప్పుడూ విననట్టు నావైపు చూసింది. కళ్ళే కదా కనిపిస్తున్నాయి, వాటినే చూసింది. నేను తిప్పుకోలేకపోయాను.

"మరి ఆ టైములో ఏం చేశారు?"

"కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను."

అది మెడ సాచి కిటికీలోంచి మైదానంవైపు చూసింది. ఏదో ఉంటుందని బాగానే వెతికింది. తర్వాత, ఈమెకి కాస్త తిక్క ఉన్నట్టుంది అన్న మొహంతో నావైపు తిరిగింది.

"అక్కడేముందండీ చూడ్డానికి? మేమేగా ఉన్నది."

"అవునమ్మా" అన్నాను. "మీరే."